పెండ్లిలో మొదలైన గొడవ: మనోల్లు యాడనుంచి వచ్చినారో డీఎన్‌ఏ చెప్తాదా?

పెన్నాగట్టు పిల్లోడు (ప్రొద్దుటూరు):

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా ఉంటాది, ఓపిగ్గా చదవండప్పా. పోయిన వారం మా పెద్దనాయన కూతురి పెండ్లి అయింది. తలంబ్రాలు అయిపోయి రెండో బంతికి ఇస్తర్లు వేస్తాండారు, మగోల్లంతా షామియానా కింద కుర్చీలు గుండ్రంగా లాక్కోని కూర్చున్యారు. ఆడ మా చిన్నాయన ఎత్తుకున్యాడు, మన వంశం అసలు ఈ సీమదే కాదురా, కాశీ పక్కనుంచి ఎవరో రాజు సైన్యంతో దిగొచ్చినోల్లము, అందుకే మనం కొంచెం తెల్లగా ఉంటాము అని. (తెల్లగా ఉండేది ఆయన ఒక్కడే, మిగతా మేమందరం మామూలే.) నీకెవరు చెప్పినారు చిన్నాయనా అంటే, ఎనకటికి మూడేండ్లకో నాలుగేండ్లకో ఒకసారి వంశరాజులు మా ఊరికొచ్చి ఇంటిపేరు ఎత్తుకోని పన్నెండు తరాలు గడగడా చదివేవాల్లంట, వాల్లు చెప్పినారంట.

మా బావ బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఆయప్ప ఊరుకోకుండా జేబులోనుంచి ఫోన్ తీసి, అవన్నీ ఎందుకు మామా, నేను ఎంగిలి పట్టి కొరియర్లో పంపిచ్చినా, డీఎన్‌ఏ టెస్టు చేసి పంపించినారు చూడు అని ఒక రంగురంగుల చక్రం చూపించినాడు. దాంట్లో ఎక్కువ భాగం దక్షిణ భారతం, కొంచెం మధ్య ఆసియా, ఇంకా వేలెడంత ఏందో అని ఉండాది. అంతే, చిన్నాయన మధ్య ఆసియా అనే ముక్క పట్టుకోని చూసినావా నేను చెప్పలా అని లేచినాడు, పక్కనున్న పెద్దమనిషి అట్లయితే మీరు తురకలా అని నవ్వినాడు, ఇంక చూస్కోండి. పప్పు చల్లారిపోయింది, వీల్లు మాత్రం చల్లారలా.

నా డౌట్లు ఇవి. ఎంగిలి చూసి పూర్వీకులు యాడోల్లో చెప్పడం నిజంగా అవుతాదా లేకుంటే చిలక జోస్యం మాదిరా? అయితే ఎన్నేండ్ల కిందటిది అని ఎట్ల తెలుస్తాది, డీఎన్‌ఏలో తేదీ రాసి ఉండదు కదా. ఇంకోటి, బయట దేశాల్లో పాత ఎముకల్లోనుంచి డీఎన్‌ఏ తీస్తాండారు కదా, మన సీమలో అట్ల ఎందుకు తీయరు? నాది బీకాం, సైన్సు పదోతరగతితోనే వదిలేసినా, కాబట్టి అర్థమయ్యేటట్ల చెప్పండి.

—

సున్నపురాయి మాస్టారు (నంద్యాల, రిటైర్డ్ జువాలజీ లెక్చరర్):

బాబూ, ముందు మీ బావ చక్రం సంగతి చెప్తా, అది తేలిక. చీర పట్టుకోని మ్యాచింగ్ సెంటర్‌కు పోతారే ఆడవాళ్లు, అట్లాంటిదే అది. షాపువాడి దగ్గర నలభై రంగుల జాకెట్టు గుడ్డలుంటే ఆ నలభైలోనే దగ్గరగా ఉన్నది తీసి ఇదే మ్యాచింగ్ అంటాడు. ఎదురు షాపులో నూరు రంగులుంటే వాడు వేరే గుడ్డ చూపిస్తాడు. మీ చీర మారలా, వాళ్ల బీరువా మారింది. ఈ కంపెనీలు కూడా అంతే, వాళ్ల దగ్గరుండే శాంపిళ్లతో పోల్చి శాతాలు వేస్తాయి. వాళ్ల దగ్గర రాయలసీమ శాంపిళ్లు ఎన్ని ఉంటాయో ఆలోచించుకో. అందుకే ఒకే మనిషి రెండు కంపెనీలకు పంపితే రెండు రకాల చక్రాలు వస్తాయి, కొత్త శాంపిళ్లు చేరినాక అదే కంపెనీ పాత రిజల్టు మార్చి పంపుతుంది కూడా. అట్లని చిలక జోస్యం అని కొట్టిపారేయడానికి లేదు, దూరం చుట్టరికం దగ్గర చుట్టరికం అనేది బాగానే పట్టుకుంటాయి. శాతాలను మాత్రం తాసులో తూచిన బంగారం మాదిరి చూడొద్దు.

ఇప్పుడు తేదీ సంగతి. నువ్వు అడిగిన ప్రశ్నల్లో అసలైనది ఇదే. నా క్లాసులో ముప్పై ఏండ్లు ఇది పేకముక్కలతో చెప్పినా, ప్రిన్సిపాల్ ఒకసారి కిటికీలోనుంచి చూసి క్లాసులో పేకాటా అని మెమో ఇవ్వబోయినాడు. ఎర్ర వీపు కట్ట ఒకటి, నీలం వీపు కట్ట ఒకటి, ఒక్కో కట్ట ఒక్కో జనం డీఎన్‌ఏ అనుకో. రెండు వేరువేరు జనాలు కలిసినారు అంటే, పుట్టిన బిడ్డలో ఒక కట్ట పూర్తిగా ఎరుపు, ఇంకో కట్ట పూర్తిగా నీలం, చీలిక లేదు. ఆ బిడ్డ పెద్దదై దానికి పిల్లలు పుట్టేటప్పుడు ఏమవుతుందంటే, ఈ రెండు కట్టలనూ అక్కడక్కడ కోసి అటుముక్క ఇటు, ఇటుముక్క అటు మార్చి ఒక కొత్త కట్ట తయారవుతుంది. కాబట్టి మనవడి కట్టలో ఒక పొడుగాటి ఎర్ర వరస, తర్వాత పొడుగాటి నీలం వరస ఉంటాయి. మునిమనవడికి వచ్చేసరికి ఆ వరసలు ఇంకా తెగుతాయి. యాభై తరాలు పోయినాక చూస్తే నాలుగు ఎరుపు మూడు నీలం రెండు ఎరుపు అన్నట్లు చిన్నచిన్న తునకలే. తరానికి ఎన్ని కోతలు పడతాయో మనకు తెలుసు, తల్లి వైపు సుమారు 40, తండ్రి వైపు సుమారు 27. కాబట్టి తునకల పొడుగు చూసి ఎన్నిసార్లు కోసినారో వెనక్కి లెక్క కట్టొచ్చు. తరానికి ఇంచుమించు 28, 29 ఏండ్లు వేసుకుంటే సంవత్సరాలు వచ్చేస్తాయి. తేదీ రాసి ఉండదన్నావు కదా, రాసే ఉంటుంది, తునకల పొడుగులో.

డీఎన్‌ఏతో మన దేశం మీద చేసిన పెద్ద పనులు మన హైదరాబాదు సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థతోనే ముడిపడినాయి. 2009లో లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు, అమెరికా హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ కలిసి 25 సమూహాలకు చెందిన 132 మందిని పరీక్ష చేసి, ఇండియాలో దాదాపు అందరూ రెండు పాత జనాల కలయిక అని చూపించినారు. వాటికి ఉత్తర భారత పూర్వీకులు, దక్షిణ భారత పూర్వీకులు అని పేర్లు పెట్టినారు. పేర్లు చూసి మోసపోవద్దు, కలవని అచ్చమైన ఉత్తరం వాళ్లూ దక్షిణం వాళ్లూ ఈరోజు మన ఊర్లలో యాడా లేరు. ఆ ఉత్తరపు వాటా వాళ్లు చూసిన సమూహాల్లో 39 నుంచి 71 శాతం మధ్యలో ఉంది. అంటే మీ చిన్నాయనలోనూ రెండూ ఉంటాయి, ఆయన్ను చూసి నవ్విన పెద్దమనిషిలోనూ రెండూ ఉంటాయి, నల్లమలలో చెంచుల్లోనూ రెండూ ఉంటాయి.

2013లో ఇదే బృందం 73 సమూహాలతో కలయిక ఎప్పుడు జరిగిందో లెక్క వేసింది. సుమారు 4200 ఏండ్ల కిందటినుంచి 1900 ఏండ్ల కిందటి దాకా అని వచ్చింది. నాకు దాంట్లో ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది మొదలు కాదు, ఆఖరు. రెండు వేల ఏండ్లకు పైగా అందరూ అందరితో కలిసినారు, ఆ తర్వాత మా పిల్లను మీకియ్యం మీ పిల్లను మేం చేసుకోం అని ఎవరి గిరి వాళ్లు గీసుకున్నారు. ఆ గీత కూడా డీఎన్‌ఏలో కనిపిస్తాది.

మీ చిన్నాయన సైన్యం కథ ఉంది చూడు, అది ఏ నాలుగైదు వందల ఏండ్ల కిందటి మాట అయి ఉంటాది. ఈ లెక్కకు దానికి సంబంధమే లేదు. మీ బావకు వచ్చిన మధ్య ఆసియా ముక్క సుమారు క్రీస్తుపూర్వం 2000 నుంచి 1500 మధ్యలో గడ్డిమైదానాల పశువుల కాపర్లతో వచ్చిన వాటా అయ్యుండొచ్చు, అది కొంచెమో గొప్పో దేశంలో చాలామందికి ఉంది. అది పట్టుకోని ఏ రాజు సైన్యంలోనూ చేరలేము.

—

బుడ్డల రైతు (కదిరి దగ్గర):

మాస్టారూ నమస్కారం. నాకు మనుషుల సంగతి తెల్దు, బుడ్డల సంగతి తెలుసు, అదే వేరుశనగ, అది చెప్తా. మా నాయన కాలంలో మా అనంతపురం జిల్లా అంటేనే బుడ్డలు, అది మన సొంత పంట అనుకుంటాం కదా. కాదు. దక్షిణ అమెరికాలో బొలీవియా, అర్జెంటీనా దిక్కు పుట్టింది. అది కూడా రెండు అడవి జాతులు ఎప్పుడో కలిస్తే పుట్టిన బిడ్డ. 2016లో ఆ రెండు అడవి మొక్కల జన్యువులు పూర్తిగా చదివినారు, అప్పుడు సంబంధం గట్టిగా తేలింది. ఆ కలయిక ఎన్నోసార్లు జరగలేదు, దాదాపు ఒకేఒకసారి జరిగినట్లుండాది, ప్రపంచంలో మనం తినే బుడ్డలన్నీ ఆ ఒక్క కాపురం సంతానమే అనుకోండి.

దాంతో వచ్చిన చిక్కేందంటే, అన్నిటిలోనూ రక్తం ఒకటే కాబట్టి ఒక దానికి తిక్కా తెగులు వస్తే పక్క చేనికీ వస్తాది, తట్టుకునే గుణం యాడనుంచో తెచ్చుకోవాల. శాస్త్రవేత్తలు మల్లా అడవి బుడ్డల దగ్గరికే పోయి వాటితో క్రాసింగ్ చేసి తుప్పుకు తిక్కాకు తట్టుకునే రకాలు తీసినారు. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాల్ల విత్తన బ్యాంకులో ఒక్క బుడ్డలవే 15 వేలకు పైగా రకాలు దాచిపెట్టినారు, అది ఈ భయానికే. మా చేన్లో పోయిన ఖరీఫ్‌లో ఆకులమీద నల్ల చుక్కలు పడి పదిరోజుల్లో మోడు నిలబడినాయి, చెట్టుకు ఎనిమిది కాయలు, అవీ లొట్టలు. అప్పుడు నాకు ఈ ఒక్క కాపురం సంగతి బాగా ఎక్కింది.

మాస్టారు చెప్పిన గీత గీసుకోవడం కూడా ఇట్లాంటిదే కదా? మనుషుల్లో కూడా తెగుళ్లు ఉంటాయా అట్ల?

—

మొండి వాదం (అనంతపురం టౌన్):

అన్నీ బాగానే ఉండాయి కానీ, తేలింది ఏందప్పా? ఆర్యులు వచ్చినారా రాలేదా అని ఒక్క ముక్కలో చెప్పండి. టీవీలో ఒకాయన రాఖీగఢీ డీఎన్‌ఏ వచ్చింది ఇంక వలసే లేదని తేలిపోయింది అంటాడు, ఇంకొకాయన అదే కాగితం చూపించి వలస తేలిపోయింది అంటాడు. ఒకే ఎముక ఇద్దరికీ ఎట్ల సాక్ష్యం చెప్తాది?

—

సున్నపురాయి మాస్టారు (నంద్యాల):

ఒక్క ముక్కలో అడిగితే నాలుగు ముక్కల్లోనే చెప్తా, తిట్టుకోకు. రాఖీగఢీలో 2019లో వచ్చిన ఫలితం ఒకే ఒక్క స్త్రీది, హర్యానాలో, సుమారు నాలుగున్నర వేల ఏండ్ల కిందటి సింధు నాగరికత కాలం సమాధి. అరవైకి పైగా శాంపిళ్లు ప్రయత్నిస్తే ఒక్కటి పలికింది. ఆమెలో గడ్డిమైదానాల వాటా లేదు. ఒకాయన ఇది పట్టుకున్నాడు, ఇదిగో ఆమెలో లేదు కాబట్టి వలస లేదు అని. కానీ ఈరోజు మనలో చాలామందిలో ఆ వాటా ఉంది. ఆమెలో లేనిది మనలో ఉందంటే ఆమె తర్వాత వచ్చి చేరింది అనే కదా. రెండో ఆయన అది పట్టుకున్నాడు. అదే నెలలో వచ్చిన ఇంకో పెద్ద అధ్యయనంలో 500 పైచిలుకు పాత మనుషుల డీఎన్‌ఏ చూసి, ఆ వచ్చి చేరడం క్రీస్తుపూర్వం 2000–1500 మధ్య అని చెప్పినారు. వచ్చినారా అంటే వచ్చినారు. గుర్రాలెక్కి కోటలు కూల్చినారా, భాష యెట్ల వచ్చింది, అనేది ఎముక చెప్పదు. డీఎన్‌ఏకు తెలుగు రాదు సంస్కృతమూ రాదు. ఇంకోటి, ఆ సింధు స్త్రీ మాదిరి వాళ్లు, ఇంకా దక్షిణాన మొదటినుంచి ఉన్న వేటగాళ్లు, ఈ ఇద్దరూ మన తాతముత్తాతల్లో పెద్ద భాగం. టీవీలో దాని గురించి ఎవరూ అరవరు.

—

థియేటర్ సిస్టర్ (కర్నూలు):

బుడ్డల రైతు అన్న తెగుళ్లు అడిగినాడు కదా, దానికి నేను చెప్తాను, నేను పదిహేనేండ్లుగా ఆపరేషన్ థియేటర్లో ఉండాను.

నేను డ్యూటీలో కొత్తగా చేరినప్పుడు, ఏ ఊరు ఏ ఆస్పత్రి అనేది వద్దు, ఒక చిన్న ఆపరేషన్, అపెండిసైటిస్. మత్తిచ్చినాక గొంతులో ట్యూబు వేయడానికి కండరాలు వదులయ్యే ఇంజెక్షన్ ఒకటి ఇస్తారు, సక్సినైల్ కోలిన్ అని, మేమందరం స్కోలిన్ అనే అంటాం. అది ఇచ్చిన ఐదు పది నిమిషాల్లో దాని పని అయిపోయి పేషెంటు తనంతట తను ఊపిరి తీసుకోవాల. ఆ రోజు ఆ అబ్బాయి తీసుకోలేదు. కుట్లు కూడా అయిపోయినాయి, బయట వాల్లమ్మ అయిందా సిస్టర్ అయిందా అని తలుపు దగ్గరే నిలబడింది, లోపల బ్యాగు పిసుకుతా నా చేతులు పడిపోయినాయి, మత్తు డాక్టరు మాత్రం కంగారు పడకుండా వెంటిలేటర్ మీద పెట్టండి, టైమ్ పడతాది, తిరిగొస్తాడు అన్నాడు. కొన్ని గంటలు పట్టింది. వచ్చినాడు. ఆ డాక్టరు మొదట అడిగిన మాట ఏందో తెలుసా, వాల్ల ఇంట్లో ఎవరికైనా ముందు ఇట్ల అయిందా కనుక్కోండి అని.

ఆ మందును కరిగించే ఒక ఎంజైము కొంతమందికి పుట్టుకతోనే ఉండదు. ఆర్యవైశ్యుల్లో ఇది మిగతావాల్లకంటే దాదాపు నూరు రెట్లు ఎక్కువ అని పరిశోధనల్లో వచ్చింది, సౌత్‌లో మత్తు డాక్టర్లకు ఈ సంగతి ముందునుంచీ తెలుసు. ఇది వాల్ల తప్పు కాదు, ఎవరి తప్పూ కాదు. మాస్టారు చెప్పిన గీతే కారణం. రెండు మూడు వేల ఏండ్ల కింద తక్కువ మందితో ఒక గుంపు మొదలై, ఆ గుంపులోనే సంబంధాలు చేసుకుంటా వచ్చినారు, ఇప్పుడు లక్షల్లో ఉండారు కానీ మొదట్లో ఉన్న ఆ పిడికెడు మందిలో ఒకరికి ఉన్న లోపం చాలామందిలోకి పాకింది. ఇదొక్క కులం కథ కాదు అనేది గట్టిగా చెప్పాల. 2017లో మన దేశం చుట్టుపక్కల దేశాలు కలిపి 263 సమూహాలు చూస్తే వాటిలో 81 సమూహాల్లో ఇట్ల పిడికెడు మందితో మొదలైన గుర్తు, ప్రపంచంలో దీనికి పేరుపడిన యూరప్ యూదులు, ఫిన్లాండ్ వాల్లకంటే కూడా గట్టిగా కనిపించింది. మీ కులం, నా కులం, ఏదైనా ఆ 81లో ఉండొచ్చు, చూడనివి ఇంకా వేలల్లో ఉండాయి.

ఇంకోటి, ఇది వేరు, మేనరికం వేరు. మన సీమలో మేనమామకిచ్చి చేయడం, మేనబావకిచ్చి చేయడం మామూలు కదా. మేనమామ పెండ్లిలో పుట్టిన బిడ్డకు సగటున ఎనిమిదో వంతు జన్యువులు రెండు పక్కలా ఒకటే వస్తాయి, మేనబావ అయితే పదహారో వంతు. అది ఆ ఒక్క పెండ్లితో వచ్చే రిస్కు, ఆ బిడ్డ పెద్దయి బయట సంబంధం చేసుకుంటే పోతాది. ఈ గుంపు రిస్కు అట్ల కాదు, ఏమాత్రం చుట్టరికం లేనివాల్లను చేసుకున్నా, అదే గుంపులో చేసుకుంటే, వెయ్యేండ్ల కిందటి తాత ఒకడే అయి కూర్చోని ఉంటాడు. మా దగ్గరికొచ్చే వాల్లలో చాలామంది మేము మేనరికం చేసుకోలేదు మేడమ్ మాకెట్ల వచ్చింది అని ఏడుస్తారు. వాల్లకు ఇది ఎవరూ చెప్పరు.

ఎవరికన్నా ఆపరేషన్ ఉంటే, ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత మేలుకోవడం లేటయింది, ఊపిరి ఆడలేదు అని తెలిసి ఉంటే, మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. వేరే మందులు ఉండాయి, అది వాడతారు, అంతే. భయపడే పని లేదు.

—

బుడ్డల రైతు (కదిరి దగ్గర):

సిస్టరమ్మా, నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తాంది. మా తమ్ముని పెండ్లాం కాన్పప్పుడు ఇట్లనే అయింది, గాలి సోకింది అన్నారు. రేపే ఫోన్ చేసి చెప్తా.

—

గుహల పిచ్చోడు (బేతంచెర్ల):

ఎముకల గురించి అడిగినారు కదా, అది నా సబ్జెక్టు. సబ్జెక్టు అంటే నేను చేసేది నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజర్ పని, ఆదివారం అయితే బండేసుకోని గుహలు చూస్తా తిరుగుతా.

డీఎన్‌ఏ అనేది పాలు మాదిరి, చల్లగా ఉంటే నిలబడతాది, వేడికి విరిగిపోతాది. సైబీరియా మంచులో వేల ఏండ్లయినా దొరుకుతాది. మన నంద్యాల ఎండ సంగతి మీకు చెప్పాల్నా, మేలో 44, 45 డిగ్రీలు, దాని మీద వాన పడితే తేమ, మల్లా ఎండ, ఇట్ల నాలుగు వేల సార్లు అయినాక ఎముకలో ఏం మిగుల్తాది. రాఖీగఢీలో అరవైకి ఒకటి వచ్చిందన్నారు మాస్టారు, అది హర్యానా. మనకు ఇంకా కష్టం. చెవి లోపల ఉండే గట్టి ఎముక ఒకటి ఉంటాది, దాంట్లో బాగా నిలబడతాదని ఇప్పుడు అందరూ దాన్నే వెతుకుతాండారు. ఎనకటి తవ్వకాల్లో దాని విలువ తెలీక పోయింది.

తవ్వకాలు మనకు తక్కువేమీ కాదు. మా బేతంచెర్ల పక్కన బిళ్లసర్గం గుహలు 1880ల్లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త, ఆయన కొడుకు తవ్వినారు. అనంతపురం జిల్లాలో పాల్వాయి దగ్గర కొత్తరాతియుగం బూడిద దిబ్బ ఉండాది, ఆవుల పేడ కుప్పలు కాల్చి కాల్చి అయిన దిబ్బ అది, చూస్తే మామూలు గుట్ట అనుకుంటారు. కానీ అన్నిటికంటే నాకు ఒళ్లు జలదరించేది జ్వాలాపురం. బనగానపల్లె దగ్గర, జుర్రేరు వాగు లోయలో. నేను మొదటిసారి పోయినప్పుడు బూడిద తవ్వుకున్న గుంత అంచున నిలబడి చూసినా. కింద ఎర్రమట్టి, నడుమన తెల్లగా పిండి మాదిరి, మనిషికంటే ఎత్తు ఉండాది ఆ పొర కొన్నిచోట్ల, పైన మల్లా మట్టి. వేలితో రాస్తే పౌడరు మాదిరి అంటుకుంటాది. ఆ తెల్లది మనది కాదు, ఇండోనేషియా సుమత్రాలో టోబా అనే అగ్నిపర్వతం 74 వేల ఏండ్ల కింద పేలితే గాలికి కొట్టుకొచ్చి మన కర్నూలు సీమలో పడిన బూడిద.

2007లో పాత తవ్వకాల శాస్త్రవేత్తలు రవి కోరిశెట్టర్ గారు, మైకేల్ పెట్రాగ్లియా బృందం దాని మీద పేపరు వేసినారు. బూడిద కింద రాతి పనిముట్లు ఉండాయి, బూడిద పైన కూడా ఉండాయి, రెండూ ఇంచుమించు ఒకే తీరు. అంటే అంత బూడిద పడినా ఆ లోయలో మనుషులు పూర్తిగా పోలేదు అని వాల్ల మాట. ఇప్పుడు గొడవ ఎక్కడంటే, ఆ పనిముట్లు చేసింది మనమాదిరి మనుషులేనా, లేక మనకంటే ముందుండే వేరే మనుషులా? ఎముక ఒక్కటి దొరకలా, రాళ్లే దొరికినాయి. డీఎన్‌ఏ ఏమంటాదంటే, ఆఫ్రికా బయట ఈరోజు బతికున్న అందరి పూర్వీకులు 50, 60 వేల ఏండ్ల కింద బయటికి వ్యాపించినోల్లే అంటాది. అట్లయితే 74 వేల ఏండ్ల కింద జ్వాలాపురంలో రాళ్లు చెక్కినోల్లు మన తాతలు కాదు, లేకుంటే వాల్ల రక్తం మనలో నిలబడలా. రాయి ఒక మాట చెప్తాది, రక్తం ఒక మాట చెప్తాది, నేను మాత్రం ప్రతి ఎండాకాలం పోయి ఆ గుంతలో నిలబడి ఇద్దరిలో ఎవరిది నిజమా అని చూసొస్తా. ఆ పక్కనే రాతిచాటు ఒకటి ఉండాది, దాంట్లో 35 వేల ఏండ్ల కిందటి గోరంత గోరంత రాతి బ్లేడ్లు దొరికినాయి. వాటిని చేసినోల్లు మనోల్లే అని ఎక్కువమంది ఒప్పుకుంటారు.

—

మొండి వాదం (అనంతపురం టౌన్):

సరే ఒప్పుకున్నా, బాగా చెప్పినారు. నాదొకటే హెచ్చరిక, ఎంగిలి పంపే ముందు నాలుగుసార్లు ఆలోచించండి. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, డీఎన్‌ఏ పోతే ఏం మార్చుకుంటావు. 2023లో అమెరికాలో ఇట్లాంటి పెద్ద కంపెనీ ఒకదాని నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగలపాలైనాయి. 2018లో కాలిఫోర్నియాలో ఎప్పటివో హత్యలు చేసినవాన్ని వాని దూరపు చుట్టాల డీఎన్‌ఏతో పట్టుకున్నారు, అది మంచికే జరిగింది కానీ, వాడు ఎంగిలి పంపలేదు, చుట్టాలు పంపినారు. నీ బావ రక్తసంబంధం అయితే, ఆయన పంపినాడంటే నిన్ను కూడా కొంత పంపినట్లే పిల్లోడా.

—

పెన్నాగట్టు పిల్లోడు (ప్రొద్దుటూరు):

అందరికీ థ్యాంక్స్ అప్పా, ఇంత వస్తాదనుకోలా. ఇదంతా పట్టుకోని చిన్నాయనకు చదివి వినిపిచ్చినా. పేకముక్కల సంగతి బాగా ఎక్కింది ఆయనకు (ఆటగాడు కదా), కానీ సైన్యం మాత్రం వదల్లేదు, ఆ సైన్యం కూడా ఆ తునకల్లోనే యాడో ఉంటాది వెతకమను అన్నాడు. మాస్టారూ ఒక డౌట్ మిగిలింది. వంశరాజులు చదివిన పన్నెండు తరాల్లో అందరూ మగోల్ల పేర్లే ఉండాయి. ఆడోల్ల వరస డీఎన్‌ఏలో విడిగా తెలుస్తాదని యాడనో చదివినా, నిజమా?

—

సున్నపురాయి మాస్టారు (నంద్యాల):

నిజం. కణంలో మైటోకాండ్రియా అని ఉంటుంది, దానికి సొంతంగా ఒక చిన్న డీఎన్‌ఏ, 16,569 అక్షరాలు. అది తల్లి నుంచే వస్తుంది, తండ్రిది రాదు. నీకు మీ అమ్మది, ఆమెకు వాళ్లమ్మది, అట్లా. పైన చెప్పిన కోతలు దీనికి లేవు, కట్ట మొత్తం అట్లే దిగుతుంది, ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం మారుతుంది, ఆ మార్పులు లెక్కబెట్టి కొమ్మలు గీస్తారు. తండ్రి వరసకు వై క్రోమోజోము అట్లాంటిదే. మన దేశంలో సుమారు 60 శాతం మందికి తల్లి వరస ఎమ్ అనే పెద్ద కొమ్మలోది, అది యాభై అరవై వేల ఏండ్ల పాతది, చాలావరకు ఈ గడ్డమీదే చిలవలు పలవలు వేసింది. బయటినుంచి వచ్చి చేరిన గడ్డిమైదానాల వాటా తండ్రి వరసలో ఎక్కువ, తల్లి వరసలో తక్కువ కనిపిస్తుంది. 2003లో చెంచుల మీద చేసిన అధ్యయనంలో కూడా తండ్రి వరసల్లో, ఆ గడ్డిమైదానాలతో ముడిపెట్టే ఆర్1ఏ అనే కొమ్మ నాలుగోవంతు దాకా ఉంది, తల్లి వరసలు మాత్రం ఇక్కడివే ఎక్కువ. కాబట్టి మీ చిన్నాయన సైన్యం నిజంగా వచ్చిందే అనుకుందాం, వచ్చినవాళ్లు ఇక్కడి పిల్లలనే చేసుకోని ఉంటారు కదా. మీ ఇంట్లో ఆడవాళ్లను అడుగు.

—

పెన్నాగట్టు పిల్లోడు (ప్రొద్దుటూరు):

అడిగినా మాస్టారూ. మా అమ్మోల్లమ్మ ఉండాది, ఎనభై దాటింది, మంచం మీద కూర్చోని చింతపండు పిక్కలు తీస్తాంది. అవ్వా మీయమ్మ పేరేంది అంటే చెప్పింది. వాల్లమ్మ పేరు అంటే అదీ చెప్పింది. ఆ పైన అంటే కొంచెంసేపు పిక్కలు తీయడం ఆపి, పేరు తెల్దు నాయనా, అందరూ పెద్దమ్మా అనే పిల్చేవాల్లంట, ఆమెను పెన్న అవతలనుంచి ఎద్దులబండి మీద తెచ్చుకున్యారు, అహోబిలం తిరనాలకు పోయే దారిలో ఊరంట, ఊరి ముందర గుడి దగ్గర కొట్టకుండా పెట్టిన రెండు పెద్ద చింతచెట్లు, మధ్యలో దిగుడుబావి అని చెప్పింది. చిన్నాయన కూడా పక్కనే ఉండాడు, ఆయనకు వంశరాజులు చదివిన పన్నెండు పేర్లు నోటికొస్తాయి, ఈ ఊరి పేరు మాత్రం తెల్దు. ఆళ్లగడ్డ దిక్కు వాల్లు ఎవరన్నా ఉంటే, రెండు చింతచెట్లూ నడుమ దిగుడుబావీ ఉండే ఊరు ఏదో కొంచెం చెప్పండప్పా, ఆదివారం బండేసుకోని అవ్వను కూడా తీస్కపోతా.